నెట్‌వర్క్ సరిగా లేదు

ఆగస్టు 3, 2020, సోమవారం

క్లాసు అయిపోయినాక ఫోను ఆపేస్తే ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. బళ్ళో అట్ల కాదు. గంట కొట్టినాక కూడా వరండాలో పిల్లకాయలు ఉంటారు, స్టాఫ్ రూములో ఎవరో ఒకరు క్యారియర్ తెరుస్తా ఉంటారు. ఇక్కడ ఫోను ఆపితే నేనూ, గోడకు కొట్టించుకున్న నల్లబోర్డూ. మా ఆయన టైటస్ పోయి మూడేళ్ళవుతున్నా ఇంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు, బడి ఉండేది కాబట్టి. అందుకే ఈ రాత.

ఎనిమిదికీ పదికీ లెక్కలు నేనే చెప్పాలి. ఎనిమిదో తరగతిలో సగానికి కొంచెం ఎక్కువమంది చేరినారు. మొహాలు లేవు. డేటా అయిపోతుందని హెడ్‌మాస్టర్ సుశీల్ కుమార్ గారు పిల్లకాయలందరినీ వీడియో ఆపేయమన్నారు. నల్లటి పలకలు, వాటి మీద పేర్లు. పెంచలకృష్ణ. భానుప్రియ. ఫేబీ. ప్రశ్న అడిగితే ఏదో ఒక పలక చుట్టూ వెలుగు వస్తుంది. గొంతు కూడా వస్తుంది గానీ నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటుంది. "మళ్ళీ చెప్పు" అని ఇవాళ ఎన్నిసార్లు అన్నానో.

కావలిలో నెట్‌వర్క్ ఇంత అన్యాయంగా ఉంటుందని అనుకోలేదు.

ఆగస్టు 6, గురువారం

చతుర్భుజాలు. మూడు కోణాలిచ్చి నాలుగోది ఎంతో చెప్పమన్నాను. పెంచలకృష్ణ చెప్పినాడు. "ఇరవై ఎట్ల వస్తుందిరా? కూడికలు కూడా మర్చిపోయినావా?" అన్నాను.

చాట్‌లో వరసగా పడినాయి. 'అరవై టీచర్.' 'వాడు అరవై అన్నాడు టీచర్.' 'అరవై అనే అన్నాడు.'

నెట్‌వర్క్.

ఇక మీదట జవాబులు నోటితో వద్దు, టైపు చెయ్యండి అని చెప్పేసినాను. క్లాసు గోల లేకుండా సాగింది. పిల్లకాయలకి టైపు చెయ్యడం కూడా వస్తుంది. మంచి పద్ధతే.

ఆగస్టు 9, ఆదివారం

పప్పు మాడిపోయింది. కుక్కరు విజిల్ పాడైనట్టుంది, రానేలేదు. కొత్తది కొనాలి.

మాడిన వాసనకి కింద నుంచి ప్రమీలమ్మక్క మిద్దెక్కి వచ్చింది. ఇల్లు ఆమెదే. అద్దెకున్న మనిషిలాగా నన్ను ఏ రోజూ చూడలేదు. గుమ్మం బయటే నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏందో చెప్పింది. తల ఊపినాను. ఇంకొకసారి చెప్పింది. ఇంకొకసారి ఊపినాను. విసుక్కుని దిగిపోయింది. పొద్దుగూకినాక తలుపు తీస్తే మెట్ల మీద గిన్నెలో పప్పు, చల్లారిపోయి. తలుపు కొట్టి ఉంటుంది.

మాస్కులు పెట్టుకుని, కొంగులు అడ్డం పెట్టుకుని మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది? మొన్న అంగట్లో కూడా ఇదే. కందిపప్పడిగితే అతనేదో అడిగినాడు, అవునన్నాను, పెసరపప్పు కట్టి ఇచ్చినాడు. లోకం మొత్తం మూతికి గుడ్డ కట్టుకుంది.

ఆగస్టు 16, ఆదివారం

నాయుడుపేట నుంచి కెజియా ఫోన్ చేసింది. తోడబుట్టిన దాని గొంతే సరిగా రాకపోతే ఇంకేం ఫోన్లు ఇవి. కాసేపటికి "అక్కా, నేనడిగేదొకటి, నువ్వు చెప్పేదొకటి" అని పెట్టేసింది. తర్వాత మెసేజ్ పెట్టింది: 'చెవుల డాక్టరుకి ఒకసారి చూపించుకోరాదా. అమ్మకి కూడా ఇట్లనే మొదలైంది.'

అమ్మకి డెబ్బై దాటినాక వచ్చింది. నాకు యాభై రెండు. చివర్లో అమ్మని వీధిలో అందరూ చెవిటామె అనేవాళ్ళు. పేరు పెట్టి పిలిచే మనిషే లేకుండా పోయింది. పిలిచినా ఏం లాభంలే అనుకున్నారు.

బదులివ్వలేదు.

టైటస్ ఉంటే ఈ గొడవలే ఉండవు. ఎవరేమన్నా నావైపు తిరిగి నింపాదిగా మళ్ళీ చెప్పేవాడు. అడక్కపోయినా చెప్పేవాడు. ఆయనకదొక అలవాటు.

ఆగస్టు 20, గురువారం

వృత్తలేఖినితో కోణం గీయడం ఫోనులో చూపించాలంటే ఎంత అవస్థ. ఫోనుని స్టూలు మీద పెట్టి, స్టూలుని బల్ల మీద పెట్టి, చున్నీతో కట్టినాను. బోర్డు కనపడితే నేను కనపడను, నేను కనపడితే బోర్డు కనపడదు. గీసినాక "అర్థమైందా?" అని అడుగుతాను. బళ్ళో అయితే ఆ ప్రశ్న అడిగే పని కూడా ఉండదు. ముప్పై మొహాల్లో ఎవరికి అర్థం కాలేదో చూపుకే తెలిసిపోతుంది. నాకు ఆ విద్య బాగా వచ్చు. స్టాఫ్ రూములో అందరూ అనేవాళ్ళు, రెజీనా గారు పిల్లల కళ్ళల్లోంచి లెక్క చదువుతారని.

ఇప్పుడు పలకలని అడుగుతున్నాను, అర్థమైందా అని. 'ఎస్ టీచర్' అని టైపు చేస్తున్నారు. అందరికీ అర్థమైందంట. అన్నీ అర్థమైనాయంట.

ఆగస్టు 27, గురువారం

ఫేబీ వారం నుంచి రావడం లేదు. మానే పిల్ల కాదు. రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడదు, అడిగినా చిన్న గొంతు. లెక్క మాత్రం నేను బోర్డు మీద వేసే లోపల చేసి పెట్టేసి నా వైపు చూస్తా ఉంటుంది.

వాళ్ళది సముద్రం పక్క పల్లె. నాయన క్రీస్తురాజు రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. ఇంట్లో ఒకటే ఫోను ఉండి ఉంటుంది, అది ఆయన గుంటల కాడికి పట్టుకుపోతా ఉంటాడు. ఎన్ని ఇళ్ళల్లో ఇదే కథ. భానుప్రియ సంగంలో అమ్మమ్మ గారింటికి పోయింది, అక్కడ ఫోను మామది, ఆయన పొలం నుంచి వస్తేనే దానికి క్లాసు.

సెప్టెంబరు 2, బుధవారం

ఇవాళ క్లాసులో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. క్లాసులో కూడా నేనొక్కదాన్నే మాట్లాడినాను.

సెప్టెంబరు 7, సోమవారం

ఫేబీ వచ్చింది. ఆ పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. "ఏమ్మా ఫేబీ, ఇన్నాళ్ళూ ఏమైపోయినావు?" అని అడిగినాను.

పలక వెలిగింది. ఏదో అన్నది. మళ్ళీ చెప్పమన్నాను. "...నాయన... పోయినాడు" అన్నది. నేననుకున్నదే. "సర్లే, ఈసారి పోయేటప్పుడు ఫోను ఇంట్లో పెట్టి పొమ్మని చెప్పు మీ నాయనకి. నీ చదువు కంటే ఎక్కువా ఆయనకి?" అన్నాను.

ఆ తర్వాత క్లాసు ఎంత బుద్ధిగా ఉన్నిందో! చాట్‌లో ఒక్క పిచ్చి బొమ్మ లేదు. పెంచలకృష్ణ మాత్రం 'టీచర్' అని ఒక్క మాట టైపు చేసి ఆపేసినాడు. ఏందిరా అంటే బదులు లేదు. ఒకర్ని అంటే అందరికీ తగులుతుంది. అప్పుడప్పుడు గట్టిగా ఉండాలి.

ఫేబీ మధ్యలోనే పోయింది. నెట్‌వర్క్ అయి ఉంటుంది.

సెప్టెంబరు 8, మంగళవారం

క్రీస్తురాజు చనిపోయినాడు.

సెప్టెంబరు 9, బుధవారం

నిన్న అంతకంటే రాయలేకపోయినాను.

సుశీల్ కుమార్ గారు వీడియో కాల్ చేసినారు. ఎప్పుడూ మామూలు ఫోనే చేస్తారు. ఆయన మొహం చూడగానే ఏదో అయిందని తెలిసింది.

"రెజీనా గారూ, ఆ ఫేబీని అట్లెట్ల అన్నారు మీరు?"

"ఏమన్నాను సార్?"

"వాళ్ళ నాయన చనిపోయినాడు మేడమ్. కరోనా. నెల్లూరు ఆస్పత్రిలో. ఇంటికి కూడా తీసుకురానివ్వలేదంట. ఆ బిడ్డ మీతో చెప్పింది అదే. రెండుసార్లు చెప్పింది. మీరేమో ఈసారి పోయేటప్పుడు ఫోను పెట్టి పొమ్మని చెప్పు అన్నారు."

రికార్డింగులో ఆ ముక్క కత్తిరించి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టినారంట ఎవరో. అందరూ వింటున్నారంట. ఇంకా ఏందో చెప్పినారు. ఆయన నోరు కదలడం కనపడింది గానీ నేను చూడటం మానేసినాను.

ఆయన పెట్టేసినాక నేనూ విన్నాను. నా గొంతు బాగానే ఉంది. సౌండ్ మొత్తం పెంచినాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. తీసేసి కుడి చెవికి ఆనించినాను, ఎడమ చెవికి ఆనించినాను. నాయన. పోయినాడు. ఆ రెండింటి మధ్య ఊపిరి లాంటిది ఏదో. ఆ మాట ఆ ఊపిరిలోనే ఉండాలి.

ఫోను తీసుకుని కిందికి దిగినాను. ప్రమీలమ్మక్క వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తా ఉంది. "అక్కా, ఇది విని ఏముందో చెప్పవా" అన్నాను. ఆమె చెవి దగ్గర కూడా పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకునే విన్నది.

"'మా నాయన చనిపోయినాడు టీచర్' అంటా ఉంది పాప. 'మళ్ళీ చెప్పు' అన్నావు నువ్వు. మళ్ళీ అదే చెప్పింది, పాపం." ఫోను నా చేతికిచ్చింది. "ఎవరమ్మా ఈ పాప?"

మెట్ల మీద కూలబడినాను. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నోటి మీద కొంగు తీసేసింది.

"రెజీనా, నీ కుక్కరు విజిల్ బాగానే వస్తుంది. కింద నాకు వినపడతానే ఉంటుంది. ఎన్ని వచ్చినా నువ్వు పొయ్యి ఆపవు. ఆ రోజు మిద్దెక్కి వచ్చి నేను చెప్పింది అదే."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసక్కా నీకు?"

"టైటస్ ఉన్నప్పటి నుంచే. ఆయనే చెప్పినాడు. రెజీనాతో ఎదురుగా నిలబడి మాట్లాడండక్కా, అని. ఆమెకి చెప్పొద్దు, బాధపడుతుంది అన్నాడు."

నాకు చెప్పకుండా ఊరందరికీ చెప్పిపెట్టినాడా? ఇన్నేళ్ళూ ఎంతమంది నా ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడినారో, నాకు మర్యాద చేస్తున్నారనుకున్నాను.

ఆయనకి తెలుసు. నాకు తెలీదా? ఈ డైరీలో కూడా నెట్‌వర్క్ అనే రాసుకున్నాను.

సెప్టెంబరు 10, గురువారం

సుశీల్ కుమార్ గారికి వీడియో కాల్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను.  ఆయన అన్నారు: "ఈ మాట ఇంకెవరితోనూ అనబాకండి మేడమ్. మేనేజ్‌మెంటుకి తెలిస్తే ఇంకొకర్ని పెట్టుకుంటారు. నెట్‌వర్క్ సరిగా లేక వినపడలేదని గ్రూపులో రెండు లైన్లు పెట్టండి. ఎవరైనా నమ్ముతారు."

నా మంచికే చెప్పినారు. నాకు బడి కాకుండా ఇంకేముంది?

పెట్టినాను.

సెప్టెంబరు 11, శుక్రవారం

'పర్లేదు మేడమ్.' 'మాకూ అంతే మేడమ్, సిగ్నల్ కోసం మిద్దెక్కుతున్నాం.' 'మీరు కావాలని అనరని మాకు తెలుసు.' చేతులు జోడించిన బొమ్మలు. అందరూ నమ్మేసినారు. రెండు లైన్లకే.

ఫేబీ వాళ్ళ నంబరు నుంచి ఏమీ రాలేదు. చదివినట్టు మాత్రం తెలుస్తా ఉంది.

సెప్టెంబరు 15, మంగళవారం

ఫేబీ రాలేదు.

సెప్టెంబరు 18, శుక్రవారం

రాలేదు. పోయి చూడాలా? పోయి ఏం చెప్పాలి? గ్రూపులో పెట్టింది చాలదా. అందరికీ చాలింది కదా.

సెప్టెంబరు 24, గురువారం

పెంచలకృష్ణ నాకు విడిగా మెసేజ్ పెట్టినాడు. 'టీచర్ ఫేబీ ఇంక బడికి రాదంట. వాళ్ళమ్మతో రొయ్యల కంపెనీకి పోతుందంట. మా చెల్లి చెప్పింది.'

రొయ్యల తలకాయలు తీసే పని. పొద్దున్నే వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుపోతుంది. ఐసులో చేతులు పెట్టి నిలబడి చెయ్యాలి. పద్నాలుగు కూడా నిండని పిల్లని అంత దూరంలో ఎవరు అడుగుతారు, వయసెంతని?

నేను బోర్డు మీద వేసే లోపల లెక్క చేసేసే పిల్ల.

సెప్టెంబరు 26, శనివారం

ఆటో మాట్లాడుకుని పోయినాను. తోడొస్తానని ప్రమీలమ్మక్క పట్టుబట్టింది. "వాళ్ళేమన్నా నీకు చెప్తాలే" అన్నది. వద్దన్నాను. ఇది ఇంకొకరి నోటి నుంచి వినాల్సింది కాదు.

కాలువ దాటినాక రెండు పక్కలా రొయ్యల గుంటలే. గుంటల్లో చక్రాలు తిరుగుతా నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ పక్కన కాలనీ ఇళ్ళు. ఆటో అతనే అడిగి ఇల్లు కనుక్కున్నాడు.

ఫేబీ వాళ్ళమ్మ రెబెక్కమ్మ గుమ్మంలోకి వచ్చింది. నన్ను గుర్తుపట్టి మాస్కు పైకి లాక్కుంది. మాట్లాడింది. చెయ్యి ఊపుతా మాట్లాడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంతవరకే తెలిసింది నాకు.

"అమ్మా, నాకు వినపడదు" అన్నాను. "చెవులు పోతున్నాయి నాకు. మాస్కు ఉంటే ఒక్క ముక్క తెలీదు."

ఆ మాట నా నోటితో అనడం ఇదే మొదటిసారి.

ఆమె నిలబడిపోయింది. తర్వాత మాస్కు కిందికి లాగింది. "నెట్‌వర్క్ అని పెట్టినారు గదా?"

"అబద్ధం చెప్పినాను."

"అందరి ముందూ అంత మాటంటే మా బిడ్డ ఏ మొహంతో వస్తుంది టీచర్? మా ఆయన ఆ ఫోను గుంటల కాడికి ఏ రోజూ తీసుకుపోలేదు. అది ఫేబీది. దాని క్లాసు కోసమని కొన్నాడు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. క్లాసు అయిందాకా ఇదో ఈ అరుగు మీద కూర్చుని, దారిన పొయ్యేవాళ్ళు గట్టిగా మాట్లాడినా కసురుకునేవాడు." ఆమె గొంతు పెరిగినట్టుంది, పక్కింటివాళ్ళు బయటికొచ్చినారు. "అట్లాంటి మనిషిని మీరు..."

ఆమె పెదాల మీద నుంచి చూపు తిప్పలేదు నేను. 

ఫేబీ ఎప్పుడొచ్చి నిలబడిందో తలుపు పక్కన. చిక్కిపోయింది. వేళ్ళ చివర్లు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అప్పుడే పోవడం మొదలుపెట్టేసిందన్నమాట. మాస్కు లోపలి నుంచి ఏందో అన్నది.

"వినపడలేదమ్మా" అన్నాను.

దగ్గరికొచ్చింది. మాస్కు తీసేసింది. "క్లాసులో ఎందుకు చెప్పినానంటే, అందరికీ ఒకేసారి చెప్పేస్తే మళ్ళీ మళ్ళీ చెప్పే పని ఉండదని. మీరు రెండుసార్లు చెప్పించినారు."

"అవునమ్మా. రెండుసార్లు చెప్పించి కూడా వినలేదు."

  ఫేబీ మొహం నా మొహానికి ఎదురుగా పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"మా నాయన చనిపోయినాడు టీచర్."

పెదాలు చూస్తా ఉన్నాను. ప్రతి అక్షరం కనపడింది. ఈసారి ఏదీ పోలేదు.

ఏడ్చింది నేను. ఆ పిల్ల ఏడవలేదు. లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

క్లాసుకి రమ్మని అడిగే మొహం నాకు లేదు. వచ్చేటప్పుడు రెబెక్కమ్మతో మాత్రం అన్నాను, దాన్ని పనికి పంపించబాకండమ్మా అని. "దాని ఇష్టం టీచర్" అన్నది. "నేనైతే పొమ్మన్లేదు. ఇంట్లో ఒక్కతే ఉండలేను అంటే వెంట తీసుకుపోయినాను."

ఆటోలో వస్తా ఆ మాటే అనుకుంటా వచ్చినాను. ఇంట్లో ఒక్కతే ఉండలేను.

సెప్టెంబరు 28, సోమవారం

పొద్దున సుశీల్ కుమార్ గారికి ఫోన్ చేసి, ఇవాళ పిల్లకాయలకి నిజం చెప్తున్నానని చెప్పినాను. ఆయనేమన్నారో నాకు వినపడలేదు. నిజంగానే వినపడలేదు.

క్లాసు మొదలవగానే బోర్డు దగ్గరికి పోలేదు. ఫోను ముందు కూర్చున్నాను. "నాకు చెవులు సరిగా వినపడవు. బళ్ళో మీ మొహాలు చూసి, మీ నోళ్ళు చూసి తెలుసుకునేదాన్ని. ఇక్కడ మొహాలు లేవు. ఫేబీ చెప్పింది నాకు వినపడకపోవడానికి నెట్‌వర్క్ కారణం కాదు. నేను గ్రూపులో పెట్టింది అబద్ధం" అన్నాను.

ఏ పలకా వెలగలేదు. చాట్‌లో ఏమీ లేదు. వీళ్ళల్లో ఎంతమంది ఇంట్లో అన్నం తినేటప్పుడు చెవిటి టీచరని నవ్వుకుంటారో అనుకున్నాను. అనుకుంటే అనుకోనీ అనుకున్నాను. 

ఉన్నట్టుండి ఒక పలకలో బొమ్మ వచ్చింది. పెంచలకృష్ణ. మార్చి నుంచి క్షౌరం లేక జుట్టు కళ్ళ మీద పడతా ఉంది, పై పెదవి మీద నూగు మీసం. గుర్తుపట్టలేదు ముందు. మూతి కెమెరాకి ఆనించేసి అడిగినాడు, "టీచర్, ఇప్పుడు వినపడతా ఉందా?"

"వినపడటం లేదురా, నీ పళ్ళు కనపడుతున్నాయి. కొంచెం వెనక్కి జరుగు."

ఇంకొక బొమ్మ. భానుప్రియ, కొత్త కళ్ళద్దాలతో. నిదానంగా చెప్పింది: "టీచర్, అందరం పెడితే డేటా అయిపోతుంది. మాట్లాడేవాళ్ళు మాత్రం వీడియో పెడతాం. మాట్లాడి ఆపేస్తాం."

ఆ పిల్లకి పదమూడేళ్ళు. రెండు నెలల నుంచీ నాకు తట్టలేదు ఆ మాట. తట్టాలంటే ముందు ఒప్పుకోవాలి కదా.

ఆ తర్వాత ఒక్కొక్కరూ, పేరు చెప్పడానికని వీడియో పెట్టినారు. వెనక మంచం, ఆరేసిన గుడ్డలు, మేకపిల్ల, ఎవరో తాత. ఎంత పెద్దయిపోయినారు అందరూ. లెక్క ఒక్కటి కూడా చెప్పలేదు ఇవాళ.

అక్టోబరు 1, గురువారం

పదో తరగతి లెక్కలు మా బళ్ళోనే చెప్పే అశోక్‌కి ఇచ్చినారు. "పబ్లిక్ పరీక్షలు మేడమ్, తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు" అన్నారు సుశీల్ కుమార్ గారు, వీడియోలో, నేను చూసేటట్టు మెల్లగా. కోపంగా లేరు. అదే ఎక్కువ కష్టంగా ఉన్నింది. ఎనిమిది మాత్రం ఈ ఏడాదికి నాదే అన్నారు. వచ్చే ఏడాది సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పదో తరగతి పీరియడ్ టైముకి బోర్డు ముందు ఊరికే నిలబడినాను.

అక్టోబరు 5, సోమవారం

ఫేబీ వచ్చింది.

ఏమీ మాట్లాడలేదు. క్లాసు మొత్తం వీడియో పెట్టుకునే కూర్చుంది. డేటా అయిపోతుందమ్మా ఆపెయ్యి అన్నా ఆపలేదు. నేను బోర్డు మీద లెక్క ముగించే లోపల పెన్ను కింద పెట్టేసి నావైపు చూస్తా ఉన్నింది.

అక్టోబరు 6, మంగళవారం

నెల్లూరులో చెవుల డాక్టరు దగ్గరికి పోయినాను. ప్రమీలమ్మక్కని ఈసారి వద్దనలేదు. గాజు గది లోపల కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టినారు. శబ్దం వస్తే బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ రాలేదు. గాజు అవతల పరీక్ష చేసే అమ్మాయి ఏందో తిప్పుతా రాసుకుంటా ఉంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని ఓపిగ్గా కూర్చున్నాను.

అప్పటికే సగం అయిపోయిందంట.

చెవి మిషన్లు వచ్చేదానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు. పెట్టుకున్నా అన్నీ మునుపటిలాగా ఉండవని కూడా చెప్పినారు.

ఇంటికొచ్చి కెజియాకి వీడియో కాల్ చేసినాను. దాని మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ముందు పన్ను ఒకటి ఊడిపోయింది. "ఎప్పుడూడిందే?" అంటే, "నువ్వు ఫోనులో మాట్లాడితే గదా చెప్పేది" అని ఏడ్చింది.

అక్టోబరు 10, శనివారం

క్రీస్తురాజు ఆదరణ కూడిక, పోయిన మనిషి కోసం ఇంటి దగ్గర పెట్టుకునే ప్రార్థన. నిన్న ఫేబీ మెసేజ్ పెట్టింది: 'రేపు పొద్దున మా ఇంటి దగ్గర. రండి టీచర్.'

వాళ్ళ వాకిట్లోనే చిన్న షామియానా. కుర్చీలు దూరం దూరంగా వేసినారు. చివరి వరసలో కూర్చున్నాను. అక్కడైతే ఎవరూ పలకరించరు. ఫేబీ వచ్చింది, తెల్ల చుడీదారులో. చెయ్యి పట్టుకుని లేపి ముందు వరసలోకి తీసుకుపోయి కూర్చోబెట్టింది. నావైపు తిరిగి మాస్కు కొంచెం లాగి, "ఇక్కడైతే నేను కనపడతాను" అన్నది.

పాస్టరు గారు మాస్కుతోనే మాట్లాడినారు. నాకొక్క ముక్క అందలేదు. రెబెక్కమ్మ మొహం చూస్తా కూర్చున్నాను. తర్వాత ఫేబీని పిలిచినారు. మైకు తీసుకుని, మాస్కు తీసేసి, నిలబడింది.

మెల్లగా మాట్లాడింది. చిన్న గొంతే అయి ఉంటుంది. నాకు కనపడేటట్టు మాట్లాడింది.

"మా నాయన గుంటల కాడి నుంచి తెల్లారి వచ్చేవాడు. నిద్రపోకుండా నా క్లాసు అయ్యేదాకా బయట కూర్చునేవాడు. క్లాసు అయినాక లోపలికొచ్చి, ఇవాళేం చెప్పినారు అనేవాడు. నేను చెప్తే, కరెక్టే అనేవాడు. ఆయనకి తెలీదు. అయినా కరెక్టే అనేవాడు. ఒకరోజు కావాలని తప్పు చెప్పినాను. అప్పుడూ కరెక్టే అన్నాడు." ఆగింది. "నన్ను ఫేబీ అని ఎప్పుడూ పిలవలేదు..."

అప్పుడు వాళ్ళమ్మ వైపు తిరిగింది. ఆ మాట అటు వెళ్ళిపోయింది. వాకిట్లో అందరూ నవ్వినారు. రెబెక్కమ్మ కూడా, కళ్ళు తుడుచుకుంటా నవ్వింది. నా పక్కన ముసలామె నవ్వి నావైపు చూసింది.

ఇట్లాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదే. అందరూ నవ్వితే నవ్వాలి. నా మూతి అప్పటికే సగం నవ్వింది కూడా.

ఆపి, చెయ్యెత్తినాను. ప్రార్థన కూడికలో, పిల్లకాయలు ఎత్తినట్టు. పాస్టరు గారు ఉలిక్కిపడి చూసినారు.

"ఫేబీ, ఆ మాట నాకు వినపడలేదమ్మా."

తలకాయలన్నీ ఇటు తిరిగినాయి. ఫేబీ నావైపు తిరిగింది. మైకు మూతికి అడ్డం లేకుండా కిందికి దించింది.

"'పెద్దాయనా' అని పిలిచేవాడు టీచర్. 'పెద్దాయనా, టైమైంది, లెయ్' అని."

అప్పటికి అందరూ నవ్వడం అయిపోయింది. నేనొక్కదాన్నే నవ్వినాను. నా నవ్వు అయ్యేదాకా ఆగి, ఫేబీ తర్వాతి మాట మొదలుపెట్టింది.